జాగా సారు

మొన్న అరకు బస్టాండులో విశాఖ బస్సు ఇంకా ఆగనేలేదు, కిటికీల్లోంచి సీట్ల మీద కర్చీఫులు, తువ్వాళ్ళు పడ్డాయి. ఒకావిడ ఏకంగా హ్యాండుబ్యాగే పడేసింది. నేనూ నా చున్నీ విసిరాను. తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి నా చున్నీని శుభ్రంగా మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుని, నా సీట్లో హాయిగా కూర్చుని ఉన్నాడు. పైగా, కింద పడి మాసిపోతుందని పట్టుకున్నానమ్మా అని నాకే ఉపకారం చేసినట్టు చెప్పాడు. రావలసింది కోపం. వచ్చింది మాత్రం నవ్వు. ఆ నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. విశాఖ దాకా నిలబడే వెళ్ళాను, దారంతా జాగా సారే గుర్తొచ్చాడు.

ఆయన ఉండి ఉంటే ఆ పెద్దమనిషికి దండం పెట్టేవాడు. "నాన్సెప్పలేదేటి? గుడ్డ ఏసినంత మాత్రాన జాగా పట్టినట్టు కాదు" అని నా వైపు తిరిగి పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు.

ఆయన కిందటి వానాకాలంలో పోయాడు. వాళ్ళావిడ టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆవిడే ఏదో గుర్తొచ్చి నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆయన గురించి మాట్లాడుకుంటే అలాగే అవుతుంది మరి, వరస తప్పదు.

విజయనగరం వైపు మనిషి. టీచరమ్మకి ఇక్కడి ఆశ్రమ పాఠశాలకి బదిలీ అయితే, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆవిడ వెనకాలే కొండెక్కాడు. ఏ కంపెనీయో ఏమో, ఇంట్లో కూర్చునే పని చేయనిచ్చేది. భార్య ఉద్యోగాన్ని పట్టుకుని వచ్చిన మొగుణ్ణని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గొప్పగా చెప్పుకునేవాడు.

నేను పుట్టింది హుకుంపేట దగ్గర కొండల్లో. అరకులో మాకొక చిన్న గది ఉంది. కొండ ఊళ్ళలో పెద్దవాళ్ళు పాడే పాటలు, చెప్పే కథలు రికార్డు చేసి దాచడం మా పని. ఒకరోజు ఆ గది ముందు నుంచి పోతూ, కంప్యూటరు కనిపించిందని లోపలికి వచ్చాడు. పలకరింపూ పరిచయమూ ఏమీ లేవు, డిస్కులో జాగా ఎంతుందని అడిగాడు. ఇంటికొచ్చిన చుట్టం వంటింట్లోకి తొంగి చూసి కుండలో అన్నం ఎంతుందని అడిగినట్టు అనిపించి నాకు ఒళ్ళు మండింది. ఆయనకి అదే కుశలప్రశ్న అని తర్వాత తెలిసింది.

ఆయన ఉద్యోగం ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా టీలు ఖర్చయ్యాయి. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుండాలి, దేనికెంత జాగా ఇవ్వాలి అని చూసుకునే ఏర్పాటు ఒకటుంటుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ అంటారు. పెద్ద ఫైలేదో రాబోతోందంటే, అది రాకముందే దాని కోసం ఇంత జాగా పట్టి ఉంచు అని దాన్ని అడగొచ్చు. అది సరేనంటుంది. ఆ సరే నిజమా, నోటి మాటా అని తేల్చడం ఆయన పని. "ఇడ్లీ ఉందని బోర్డెట్టడం ఏరు, పప్పు నానెయ్యడం ఏరు. నాను హోటల్లోకెల్లి పప్పు నానిందో లేదో సూసొత్తానన్నమాట" అనేవాడు.

ఆ చూడటం కూడా పెద్దమనుషులు చూసే పద్ధతి కాదు. జాగా పట్టించేవాడు, తర్వాత మిగిలిన డిస్కంతా చెత్తతో నింపేవాడు. నింపి, పట్టిన జాగా నిలబడిందో, ఎవరైనా ఆక్రమించారో చూసేవాడు. మధ్యలో కరెంటు తీగ లాగేసేవాడు. పట్టి ఉంచిన చోట పాత ఫైళ్ళ ముక్కలేమైనా కనిపిస్తున్నాయేమో వెతికేవాడు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి పాతవాళ్ళ కేలెండరు గోడ మీద కనిపించకూడదు కదా అనేవాడు. ఎక్కడైనా అబద్ధం దొరికితే ఆ రోజు పండగే. వీధి చివరి బడ్డీ నుంచి పకోడీలు తెప్పించి, దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి పెట్టేవాడు. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం మొహం వేలాడేసుకుని, ఎక్కడో తేడా ఉంది, నాకే కనబడటం లేదు అని గొణుక్కునేవాడు. లోకంలో పని సజావుగా సాగితే దిగులుపడే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చోవాలంటే నాకు సిగ్గేసేది. విస్తట్లో పెరుగన్నానికి ఒక మూల ముందే కేటాయించేవాడు. వడ్డించేవాళ్ళు చూసుకోకుండా అక్కడ కూర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, అది ఇచ్చేసిన జాగా తల్లీ, ఇంకో చోట వెయ్యి అనేవాడు. ఒకసారి ఒక పెళ్ళిలో పెరుగు అయిపోయింది. ఆ మూలని అలాగే ఖాళీగా ఉంచి, విస్తరి మడిచి లేచాడు. టీచరమ్మ తల కొట్టుకుంది.

మా గదిలో ఆయన కాలు పెట్టేనాటికి నా నెత్తి మీద ఒక బరువుండేది. ఇక్కడికీ హుకుంపేటకీ మధ్య కొండ మీద ఒక ఊళ్ళో ఒక మామ్మ ఉంది. సామగింజ మా కొండలకి ఎలా వచ్చిందో చెప్పే పెద్ద పాట ఆవిడకి వచ్చు. మొదలు నుంచి చివరిదాకా వచ్చినవాళ్ళు ఆవిడ తప్ప ఇంకెవరూ మిగల్లేదు. చైత్రంలో ఇటుకల పండగకి, మగవాళ్ళు వేటకెళ్ళాక, ఆడవాళ్ళ మధ్య కూర్చుని పాడుతుంది. అంతకుముందు ఏడు మా కంప్యూటరు మోసుకెళ్ళి రికార్డు పెట్టాను. పాట రంజుగా సాగుతోంది. చీమ నోట సామగింజ కరుచుకుని, ఆకు మీదెక్కి వాగు దాటుతోంది. సరిగ్గా అక్కడ కంప్యూటరు ఆగిపోయింది. అంతకుముందు దించుకున్న అప్‌డేటేదో అది తనంతట తాను విప్పుకుంటూ ఉన్న జాగా అంతా తినేసిందట. నేను కంగారుపడి లేచేసరికి మామ్మ గొంతు కూడా ఆగిపోయింది.

సగంలో ఆగిన పాట ఆ ఏడు మళ్ళీ ఎత్తకూడదని వాళ్ళ ఆచారం. ఆ చీమ అలాగే వాగు మధ్యలో ఉండిపోయింది. ఆ ఏడు సామలు సరిగ్గా పండకపోతే ఊళ్ళో కొందరు దానికీ దీనికీ ముడిపెట్టారు. మామ్మ చిన్నబుచ్చుకుంది. మీ పెట్టెలో నాకు జాగా లేదు, ఇంక రావద్దు అని కబురు పంపింది. ఆవిడ వయసు చూస్తే ఇంకెన్ని పండగలు పాడుతుందో తెలీదు. ఆ పాట ఆవిడతోనే పోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

ఇదంతా జాగా సారుకి చెప్పాను. ఆయన విన్నాడు, పాపం అన్నాడు, ఆ అప్‌డేటు సైజెంత అని అడిగాడు. నేను విసురుగా లేచి టీ గ్లాసులు కడుక్కున్నాను.

ఆ వారం సంతరోజు టీచరమ్మ గుమ్మడికాయలు తెమ్మని ఆయన్ని పంపింది. అరకు సంతలో కొండ ఊళ్ళ ఆడవాళ్ళు పిప్పళ్ళు, పసుపు, అల్లం, రాజ్మా, కొండచీపుర్లు పెట్టుకుని వరసగా కూర్చుంటారు. ఎవరి చోటు వారిదే. గీతలుండవు, రాళ్ళుండవు. ఒకామె ఏ వారమైనా రాకపోతే ఆమె చోటు సాయంత్రందాకా ఖాళీగానే ఉంటుంది. పక్కామె తన చీపుర్లు అటు జరపదు. ఎంత ఇరుకైనా సరే. మాకది కొత్త కాదు కాబట్టి మేమెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఈయనకి ఆ వరసలో పన్నూడినట్టున్న ఖాళీ కనిపించింది. చూసి ఊరుకుంటాడా? కొన్న రెండు గుమ్మడికాయలూ ముందర పెట్టుకుని వెళ్ళి అందులో కూర్చున్నాడు. ఎవరైనా లేపుతారా, తిడతారా, ఏం చేస్తారో చూద్దామని ఆయన పరీక్ష.

ఎవరూ లేపలేదు, తిట్టలేదు. పక్కామె గోనె పట్టా ఒకటి కింద వేసింది. ఇంకొకామె టీ తెప్పించింది. ఆ చోట్లో ఆవిడ తాలూకు వాళ్ళు తప్ప పరాయివాళ్ళు కూర్చునే సంగతి వాళ్ళ ఊహకే అందదు. కాబట్టి ఈయన ఆవిడ తమ్ముడై ఉంటాడని తేల్చేసుకున్నారు. తమ్ముడికి సరుకు అమ్మడం చేతకాదని జాలిపడి ఆ గుమ్మడికాయలు వాళ్ళే ఒక టూరిస్టుకి అమ్మిపెట్టారు. ఆయన ఏదో చెప్పబోతే ఎవరూ వినలేదు. సంత విడిపోయేటప్పుడు, మీ అప్ప కూతురు నీళ్ళాడిందట కదా, బాలింతకి ఇయ్యి అని ఎండు సొరచేప ముక్కలు, సొంఠి, కొంచెం బెల్లం మూటలు కట్టి ఆయన ఒళ్ళో పెట్టారు.

సొర వాసన కొడుతూ తిన్నగా మా గదికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సూసేవా? గీత లేదు, రాయి లేదు, కాపలా మనిసి లేడు, అయినా జాగా పోలేదు. ఇలాటి ఫైల్ సిస్టమ్ నాను జన్మలో సూళ్ళేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంతకీ ఈ అప్ప ఎవరమ్మా, ఈ మూటలు ఎక్కడ ఇవ్వాలి అని అడిగాడు. ఆ చోటెక్కడో, పక్కన ఎవరెవరున్నారో చెప్పించుకున్నాను. అది మా పాట మామ్మ చోటు. కూతురు పురిటికొచ్చిందని ఆ వారం సంతకి దిగలేదు.

మర్నాడు ఇద్దరం జీపెక్కి ఆ ఊరు వెళ్ళాం. గుమ్మంలో నన్ను చూడగానే మామ్మ మొహం తిప్పుకుంది. ఆయన మూటలు కింద పెట్టాడు.

"ఎవుడివి నువ్వు?" అంది మామ్మ.

"సంతలో నీ జాగాలో కూకున్నోణ్ణి."

"నా జాగాలో కూకుంటే నావోడవ్వాల. నాకు తమ్ముళ్ళు లేరు."

"నిన్నటి కాణ్ణించి ఉన్నాడప్పా."

మామ్మ ఆయన్ని కిందనుంచి పైకి చూసింది. మంకీ క్యాపు, మెళ్ళో మఫ్లరు, చేతులకి సొర వాసన. ముసిముసిగా నవ్వి పీట వాల్చింది. చోళ్ళు, అంటే రాగులతో కాచిన అంబలి ఇచ్చింది. మనవణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో వేసింది. వాడు వెంటనే ఆయన మఫ్లరు తడిపాడు. అప్పుడిక ధైర్యం చేసి పాట సంగతి నేను కదపబోతే, ఆయన నన్ను ఆపి తనే చెప్పాడు. ఈసారి పాట మొదలవకముందే ఆ పెట్టెలో ఆవిడకి జాగా పట్టి ఉంచుతానని, ఎవరొచ్చినా అందులోకి రానివ్వనని అన్నాడు.

"సంతలో మావోళ్ళు ఉంచినట్టు ఉంచుతావా?" అంది మామ్మ.

"అలాగే ఉంచుతాను."

మామ్మ మనవణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. వస్తూ, పండగకి పెందలాడే రమ్మంది. ఆయన ముఖంలో నవ్వు చూసి నేను సంబరపడ్డాను గానీ, జీపులో కొండ దిగుతూ ఉంటే ఆయన తడిసిన మఫ్లరుని పిండిందే పిండుతూ కూర్చున్నాడు. మాట ఇచ్చేశాను, ఇంక అది నిజమవ్వాలి అన్నాడు చివరికి.

పండగదాకా ఆయన సాయంత్రాలన్నీ మా గదిలోనే గడిచాయి. మా రికార్డింగు ప్రోగ్రాములో ముందుగా జాగా పట్టే ఏర్పాటు ఉండనే ఉంది. ఆయన నమ్ముతాడా? పట్టించి, అరకు రైలు సొరంగాల వీడియోలతో మిగతా డిస్కు నింపాడు. ఫైలు సైజు చూస్తే కొండంత ఉంది, డిస్కులో దానికిచ్చిన చోటు మాత్రం గోరంత. ఉత్త పేరు రాసుకుని కూర్చుంది. "అబద్ధం" అని లేచి గంతేశాడు. ఆ రోజు వీధిలో కుక్కకి కూడా పకోడీ దక్కింది. తర్వాత డిస్కుని వేరే ఫైల్ సిస్టమ్‌లోకి మార్చాడు, ప్రోగ్రాము అడిగే తీరు మార్చాడు. మళ్ళీ నింపాడు. మళ్ళీ తీగ లాగాడు. ఈసారి జాగా నిలబడింది. ఇంకోసారి, ఇంకోసారి, ప్రతిసారీ నిలబడింది. ఆయన మొహం యథాప్రకారం వేలాడింది. నేను మాత్రం లోపల్లోపల మా కొండదేవతకి మొక్కుకున్నాను.

పండగనాడు మగవాళ్ళు విల్లంబులు, బల్లేలు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళందరూ మామ్మ వాకిట్లో చేరారు. మైకు పెట్టాం. మామ్మ గొంతు సవరించుకుంటూ ఉండగా కంప్యూటరు వైపు చూశాను. తెర మీద ఎర్రగా, డిస్కులో ఖాళీ లేదు అని అక్షరాలు. సారూ సారూ అని ఆయన భుజం కుదిపాను. ఆయన చిరునవ్వు నవ్వుతున్నాడు.

"నానే నింపేసేను" అన్నాడు చెవిలో. "ఖాళీ ఉంటే ఎవులో ఒకలు వొచ్చి కూకుంటారు. ఇప్పుడు డిస్కులో మీ మామ్మకి తప్ప ఇంకెవులికీ జాగా లేదు. కూకుని పాట ఇను."

ఎలా వింటాను? మామ్మ పాట ఎత్తింది. గింజ ఎక్కడో సముద్రం ఒడ్డున పుట్టింది, పిట్ట ముక్కున ఎక్కింది, ముక్కు జారి మట్టిలో పడింది, చీమకి దొరికింది. ఆడవాళ్ళు వంత పాడుతున్నారు. నా కళ్ళు ఆ ఎర్ర అక్షరాల మీదే ఉన్నాయి. చీమ ఆకెక్కింది. వాగు మధ్యకొచ్చింది. వంత పాడేవాళ్ళ గొంతులు తగ్గిపోయాయి, అందరూ కంప్యూటరు వైపు చూస్తున్నారు. మామ్మ కూడా చూసింది, ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. నా పక్కన జాగా సారు చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అంత ధైర్యం చెప్పిన మనిషి! మామ్మ ఆయన్ని చూసి నవ్వుతూనే తర్వాతి చరణం ఎత్తింది. ఆకు ఒడ్డుకి తగిలింది. చీమ దిగింది. వాకిలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆయన నా వీపు మీద చరిచిన చరుపుకి మూడు రోజులు నొప్పెట్టింది.

పొద్దు వాలేవేళకి పాట పూర్తయింది. వేట నుంచి మగవాళ్ళొచ్చాక థింసా ఆడారు. ఆయన కూడా వరసలో దూరాడు. ఆయన అడుగు పడితే మిగతావాళ్ళకి అడుగు పెట్టే చోటు లేకపోయింది.

తర్వాతి సంతరోజు మామ్మ సరుకమ్ముకుని మా గదికొచ్చింది. తన పాట తను మొత్తం వింటానంది. చెయ్యి చెంపకి ఆనించుకుని, పెదవులు కదుపుతూ విన్నది. తప్పు పాడిన చోట తనని తనే తిట్టుకుంది. పాట అయిపోయింది. తెర మీద గీత మాత్రం ముందుకు పోతూనే ఉంది, శబ్దమేమీ లేదు. పాట ఎంతసేపవుతుందో తెలియదని సారు చాలా ఎక్కువ జాగా పట్టాడు. పట్టి ఉంచి ఇంకా ఏమీ రాయని జాగాని చదివితే సున్నాలొస్తాయి, పాటల ఫైలులో సున్నా అంటే నిశ్శబ్దం. నేను ఆపబోయాను. మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకా నడుత్తంది కదే?"

"అది ఖాళీయేనప్పా. మిగిలిపోయింది, కోసేత్తాను" అన్నాడు సారు. వాడని జాగా విడిచిపెట్టకపోతే పెద్ద తప్పని రోజూ నాకు పాఠం చెప్పే మనిషి. చెయ్యి అప్పుడే కీబోర్డు మీదికి వెళ్ళింది.

"ఇదీ నాకోసం పట్టిందేనా?"

"నీకోసమే."

మామ్మ ఆ కదిలే గీతకేసి చూసింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, మఠం వేసుకుని కూర్చుంది.

"మాయమ్మ చోళ్ళు ఇసురుతా ఒక పాట పాడీది. ఎవులూ అడగలేదు, నాను ఎవులికీ సెప్పలేదు" అంది.

ఆయన కీబోర్డు మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంకీ క్యాపు తీసి పక్కన పెట్టి, మైకు ఆవిడ దగ్గరికి జరిపి, రికార్డు నొక్కాడు.